చూసిందే రాయండి

నర్సింగ్ మొదటి ఏడాది పుస్తకంలో ఏముంటుంది? పక్క సర్దడం, చేతులు కడుక్కోవడం, జ్వరం చూడటం, నాడి లెక్కపెట్టడం, కదలలేని రోగిని పక్కకు తిప్పడం. హిందూపురంలోనో ధర్మవరంలోనో అప్పుడే జీఎన్ఎంలో, బీఎస్సీ నర్సింగ్‌లో చేరిన విద్యార్థులకు ఇవి చిన్న పనుల్లా కనిపిస్తాయి. అసలు చదువు ఐసీయూలో ఉంది, వెంటిలేటర్ దగ్గర ఉంది, అక్కడికి చేరేదాకా వీటిని ఎలాగో నెట్టుకొస్తే చాలు అనుకుంటారు. అలా అనుకోకండి. వెంటిలేటర్ మీదున్న మనిషిని కాపాడేది కూడా ఈ మొదటి ఏడాది పాఠాలే. చేతులు కడుక్కోని నర్సు ఎంత పెద్ద యంత్రం నడిపినా ఆ రోగికి మేలు జరగదు.

ఈ పాఠాలు పని నేర్పడంతో ఆగవు, మనిషినీ మలుస్తాయి. ధైర్యం, నిజాయతీ, ఓపిక, ఎదుటివారి మాట వినే గుణం ఇవన్నీ వార్డులో రోజూ పరీక్షకు వస్తాయి. అందుకే నర్సింగ్ విద్యార్థికి వ్యక్తిత్వ వికాసం తరగతులు వేరే అక్కర్లేదంటాను. మొత్తం చదువును ఒకే ఒక్క అలవాటు చుట్టూ అల్లుకోవచ్చని నా నమ్మకం. చూసిందే రాయాలి. చూడనిది రాయకూడదు.

డాక్టరు ఒక్కో రోగి దగ్గర ఉండేది కొన్ని నిమిషాలు. పగలూ రాత్రీ డ్యూటీలు మారుతూ మంచం దగ్గర ఉండేది నర్సులే. మందు మార్చాలా, మోతాదు పెంచాలా, పెద్దాసుపత్రికి పంపాలా అని డాక్టరు నిర్ణయించేది చాలావరకు నర్సు రాసిన అంకెల్ని చూసే. ఆ అంకె తప్పయితే ఎంత మంచి డాక్టరైనా తప్పు దారిలోనే నడుస్తారు.

ఊపిరికి ఒక నిమిషం

ఈసారి వార్డుకు వెళ్ళినప్పుడు కేసు షీటులో ఊపిరి గడి చూడండి. 20, 20, 20, 20 అని వరుసగా కనిపించిందంటే అనుమానించండి. జ్వరంతో ఉన్న యువకుడూ, ఆయాసంతో ఉన్న అవ్వా, నిన్న ఆపరేషన్ అయిన అక్కా ఒకే వేగంతో ఊపిరి తీస్తారా? జ్వరానికి థర్మామీటరుంది, బీపీకి మిషనుంది, వేలికి తగిలించే ఆక్సిమీటరు నాడిని కూడా చూపిస్తుంది. మామూలు వార్డులో ఊపిరికి మాత్రం మీ కన్ను, మీ వాచీ, ఒక నిండు నిమిషం కావాలి. అందుకే అందరూ ముందు ఎగ్గొట్టేది దాన్నే.

అన్నింటికన్నా ఎగ్గొట్టకూడనిదీ అదే. ఒంట్లో పరిస్థితి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. పెద్దవాళ్ళకు నిమిషానికి 12 నుంచి 20 దాకా మామూలు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక ముందస్తు హెచ్చరిక పట్టిక తెచ్చింది. అందులో ఒక్కో లక్షణానికి ప్రమాదాన్ని బట్టి వేసే అత్యధిక మార్కులు 3. ఊపిరి 21 నుంచి 24 మధ్య ఉంటే 2 మార్కులు, 25కు చేరితే 3. పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కలు ప్రతి నర్సుకూ నోటికి రావాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40. దగ్గో, ఊపిరి ఇబ్బందో ఉన్న బిడ్డ ఈ అంకెను అందుకుంటే న్యుమోనియాను అనుమానించాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే పసిబిడ్డల దగ్గర లెక్క తప్పుతుంది. వాళ్ళ ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది.

లెక్కపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. రోగి చేతిని ఆయన ఛాతీ మీదే ఆనించి, మణికట్టు పట్టుకుని, నాడి చూస్తున్నట్టే ఉండండి. నాడి లెక్క అయిపోయాక చేయి వదలకుండా ఊపిరి లెక్కపెట్టండి. ఛాతీతో పాటు ఆ చేయీ లేచి దిగుతుంది. మీ ఊపిరి చూస్తున్నానని ముందే చెబితే మనిషి తెలియకుండానే వేగం మార్చేస్తాడు.

నలభై మంది ఉన్న వార్డులో ఇద్దరే నర్సులుంటే అందరికీ నిండు నిమిషం ఎక్కడిది అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మన ఆసుపత్రుల్లో నర్సులు చాలినంత మంది లేరు, ఆ భారమంతా ఉన్నవాళ్ళ మీదే పడుతోంది. అలాంటి రాత్రి వరుస పెట్టుకోండి. కొత్తగా చేరినవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు, తగ్గని జ్వరంతో ఉన్నవాళ్ళు, వయసు మీరినవాళ్ళు ముందు. మిగిలినవాళ్ళను చూడలేకపోతే గడి ఖాళీగా వదిలి, డ్యూటీ అప్పగించేటప్పుడు ఆ మాట నోటితో చెప్పండి. ఖాళీ గడిని చూసిన తర్వాతి సిస్టర్ వెళ్ళి లెక్కపెడుతుంది. ఊహించి రాసిన 20ని చూసి నిశ్చింతగా దాటిపోతుంది. ఇన్‌ఛార్జ్ సిస్టర్ కోప్పడవచ్చు. పడనివ్వండి.

నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ చేసింది కూడా ఇదే. చేతిలో దీపం పట్టుకున్న ఆమె బొమ్మను అందరం చూశాం. ఆమె చేతిలో లెక్కల పుస్తకం కూడా ఉండేదని ఎవరూ చెప్పరు. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్ళిన ఆమె, సైనికుల మరణాల లెక్కల్ని పట్టుకుని, గాయాలకన్నా రోగాలే ఎక్కువ మందిని చంపాయని 1858లో రంగుల పటం గీసి చూపించింది. ఆ రోగాల్లో చాలావాటిని గాలి, వెలుతురు, శుభ్రతతో ఆపవచ్చని అంకెలతో వాదించింది. ఆమె చొరవతో 1860లో లండన్‌లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల బడి మొదలైంది. 1871 నాటికి మద్రాసు జనరల్ ఆసుపత్రిలోనూ శిక్షణ మొదలైంది. అప్పటికి మన రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

రోగి మాట రోగి మాటగానే

హిందూపురం వార్డులో ఒక ఉదయం చాలు, మూడు భాషలు వినిపించడానికి. మడకశిర, పావగడ వైపు నుంచి వచ్చేవాళ్ళలో కన్నడం, పట్టణంలోని ఎన్నో ఇళ్ళలో ఉర్దూ, మిగిలినచోట్ల మన సీమ తెలుగు. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, తిన్నారా, మూత్రం వచ్చిందా అనే నాలుగు ప్రశ్నలను మూడు భాషల్లోనూ అడగడం మొదటి నెలలోనే నేర్చుకోండి. స్నేహితులను అడిగితే ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి. తన భాషలో అడిగిన నర్సుకు రోగి చెప్పే సంగతులు వేరుగా ఉంటాయి, ఎక్కువగానూ ఉంటాయి.

చెప్పిన మాటను మార్చకుండా రాయండి. "ఎదలో మంటగా ఉండాది సిస్టరమ్మా, గ్యాస్ పట్టుకుండాది" అని పెద్దాయన అంటే షీటులో "గ్యాస్" అని రాసి గ్యాస్ బిళ్ళ కోసం వెతకొద్దు. ఆయన చూపిస్తున్నది ఛాతీ మధ్యను. చెమట పట్టిందా? దవడకో ఎడమ చేతికో నొప్పి పాకుతోందా? షుగర్ ఉందా? షుగర్ ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో, ముసలివాళ్ళలో గుండెపోటు నొప్పి లేకుండా ఒట్టి నీరసంగానో ఆయాసంగానో రావచ్చు. ఛాతీ ఇబ్బందితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణం. "గ్యాస్" అనేది రోగి తన ఇబ్బందికి పెట్టుకున్న పేరు మాత్రమే. ఆ పేరును రోగం పేరుగా మనం ఖాయం చేయకూడదు.

"ఏమీ లేదమ్మా, బాగుండాను" అనే అవ్వల దగ్గర ఇంకాస్త ఆగండి. మన పల్లె ఆడవాళ్ళు నొప్పిని దాచుకోవడంలో ఆరితేరినవాళ్ళు. నోరు బాగున్నానంటున్నా ముఖం చిట్లిస్తున్నారా, ఒక పక్కకే ముడుచుకున్నారా, తెచ్చిన సంగటి అలాగే ఉందా? అవి కూడా రాయాల్సినవే. పిలుపు కూడా వైద్యంలో భాగమే. అవ్వా, తాతా, అన్నా, అక్కా అని నోరారా పిలవండి. పన్నెండో బెడ్ అని పిలిపించుకున్న మనిషి తన ఊరి సంగతి, ఇంటి సంగతి మీకు చెప్పడు. ఆ సంగతుల్లోనే చాలాసార్లు జబ్బుకు కారణం దొరుకుతుంది.

ధర్మవరంలో నడుం నొప్పి

ధర్మవరం పట్టుచీర గురించి లోకానికంతా తెలుసు. దాన్ని నేసే మనిషి నడుం గురించి అక్కడి నర్సుకు తెలియాలి. మగ్గం గుంతలో కాళ్ళు దించి, ముందుకు వంగి, గంటల తరబడి కూర్చునే పని. నడుం, మోకాళ్ళు, మెడ, సన్నని దారం చూసి చూసి అలసిన కళ్ళు, ఇవన్నీ ఒకే మూలం నుంచి వస్తాయి. ఓపీలో "నడుం నొప్పి" అని రాసుకుని పంపేస్తే ఆ మనిషి నెలకోసారి వస్తూనే ఉంటాడు.

నర్సింగ్ ప్రక్రియ అని పుస్తకంలో అయిదు మెట్లు చదువుతారు. పరిస్థితి అంచనా, సమస్య గుర్తింపు, ప్రణాళిక, అమలు, ఫలితం చూసుకోవడం. పరీక్షలో రాయడానికి అవి అయిదు శీర్షికలు. నేతకారుడి ముందు కూర్చుంటే ఒకే సంభాషణ. రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు? ఎప్పుడు నొప్పి ఎక్కువ, నేసేటప్పుడా లేచేటప్పుడా? కాలిలోకి జాలుగా దిగుతోందా, తిమ్మిరి ఉందా? మూత్రం, విరేచనం అదుపు తప్పాయా? చివరి ప్రశ్నకు అవునంటే వెన్నుపూస దగ్గర నరాలు నలుగుతున్నాయేమో, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఆ తర్వాత ప్రణాళిక. "రెండు వారాలు రెస్ట్ తీసుకోండి" అనడం సులువు. చీర దిగకపోతే కూలి రాని ఇంట్లో ఆ సలహాకు విలువ లేదు. గంటకోసారి గుంతలోంచి లేచి నాలుగడుగులు వేయగలరా? కూర్చునే చోట మెత్త వేసుకోగలరా? మగ్గం మీద దీపం ఇంకాస్త కిందికి దించుకోగలరా? ఆయన చేయగలిగింది ఆయనతోనే చెప్పించి, అదే రాసి, మళ్ళీ వచ్చినప్పుడు అదే అడగండి. వర్జీనియా హెండర్సన్ అనే అమెరికన్ నర్సు నర్సింగ్‌కు ఇచ్చిన నిర్వచనం ఇక్కడ బాగా పనికొస్తుంది. మనిషికి శక్తి, సంకల్పం, తెలివిడి ఉంటే తనకు తానే చేసుకునే పనులను, అవి కొరవడినప్పుడు చేసిపెట్టి, వీలైనంత త్వరగా మళ్ళీ తన కాళ్ళ మీద తనను నిలబెట్టడం అన్నది ఆమె భావం. ఊపిరి, తిండి, నిద్ర మొదలు పని, ఆట, భక్తి దాకా పద్నాలుగు అవసరాలను ఆమె వరుసగా చెప్పింది. నేతకారుడికి పని కూడా వాటిలో ఒకటి. దాన్ని మాన్పించడం మన గెలుపు కాదు.

ఇద్దరు బాబయ్యలు

పెనుకొండలో బాబయ్య దర్గా ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు అన్ని మతాల్లోనూ కనిపిస్తారు. కదిరి వైపు వెళ్తే నరసింహులు, నరసమ్మ. ఒకే వార్డులో ఇద్దరు బాబయ్యలో ముగ్గురు నరసమ్మలో ఉండటం మన దగ్గర వింతేం కాదు. కాబట్టి మందు చేతిలో పట్టుకుని "నరసమ్మ మీరేనా?" అని అడగొద్దు. మగతలో ఉన్న మనిషి, చెవుడున్న మనిషి, భయపడిన మనిషి అన్నింటికీ తలూపుతారు. "మీ పేరు చెప్పమ్మా, మీ ఊరు?" అని అడిగి, వచ్చిన జవాబును షీటులోని పేరుతో, ఐపీ నంబరుతో సరిచూడండి. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ, సరైన నమోదు అని మీరు బట్టీ పట్టేవాటిలో మొదటిది ఇదే.

మోతాదు దగ్గర మన దేశానికి ప్రత్యేకమైన ఒక చిక్కుంది. ఇక్కడ ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్ కూడా దొరుకుతుంది, దానికి నారింజ రంగు మూత సిరంజి. 100 యూనిట్ల మందును 40 సిరంజిలో తీస్తే రోగికి రెండున్నర రెట్లు ఎక్కువ పోతుంది. తెల్లారేసరికి షుగర్ పడిపోయి మనిషి కోమాలోకి జారవచ్చు. సీసా మీద అంకె చదవండి, సిరంజి మీద అంకె చదవండి, పక్కనున్న సిస్టర్‌కు చూపించి ఇంకోసారి చదివించండి. నాకు తెలుసులే అనే ధీమా ఇక్కడ పనికిరాదు. ఎంత సీనియర్ అయినా ఇంకొకరికి చూపించి ఇవ్వడం చిన్నతనం కాదు.

ఇచ్చాకే సంతకం పెట్టాలి. ఎనిమిది గంటల మందులన్నింటికీ ఏడున్నరకే టిక్కులు పెట్టేసి, తర్వాత ట్రాలీ తోసుకుంటూ వెళ్ళే అలవాటు కొన్నిచోట్ల కనిపిస్తుంది. మధ్యలో ఎమర్జెన్సీ వచ్చిందంటే ఎవరికి ఇచ్చారో, ఎవరికి ఇవ్వలేదో చెప్పేవాళ్ళే ఉండరు. రాసింది తప్పైతే దాని మీద ఒక్క గీత గీసి, కింద సరైనది రాసి, సంతకం, సమయం వేయండి. వైట్‌నర్ పూయొద్దు, గీకేయొద్దు.

చేతులు, చర్మం, గుట్టు

చేతుల గురించి చాలా రాయను. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ప్రసూతి వార్డులో చేతులు కడిగించి బాలింతల మరణాలను తగ్గించి చూపించాడు, అప్పుడు పెద్దలు నమ్మలేదు. సబ్బూ నీళ్ళతో 40 నుంచి 60 సెకన్లు, హ్యాండ్‌రబ్‌తో 20 నుంచి 30 సెకన్లు. రోగిని తాకే ముందు, శుభ్రంగా చేయాల్సిన పనికి ముందు, రక్తమో మరో స్రావమో అంటుకునే పని అయ్యాక, రోగిని తాకాక, ఆయన మంచాన్నో దుప్పటినో తాకాక. చివరిదాన్ని అందరూ మరిచిపోతారు.

చర్మం దగ్గర మాత్రం కాస్త నిలబడాలి. కదలలేని రోగిని కనీసం రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని, పిరుదుల పైన, మడమల దగ్గర, తుంటి దగ్గర చర్మం ఎర్రబడితే అది పుండుకు మొదలని చదువుతారు. తెల్లని ఒంటి మీద కనిపించే ఆ ఎరుపు, ఎండలో చెనక్కాయలు పీకిన మన రైతు ఒంటి మీద కనిపించదు. చాలా పుస్తకాలు తెల్ల చర్మాన్ని చూసి రాసినవి. మన దగ్గర కంటితో పాటు చేతినీ వాడాలి. వేళ్ళ వెనక వైపుతో తాకి చూడండి. చుట్టూ ఉన్నచోటికన్నా వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, అక్కడ నొప్పంటున్నారా? ఉంటే ఆ పక్కన మళ్ళీ పడుకోబెట్టొద్దు. రుద్దనూ రుద్దొద్దు. రక్తహీనతకు, పచ్చకామెర్లకు కూడా అంతే, ఒంటి రంగును వదిలి కింది రెప్ప లోపల, నాలుక మీద, కంటి తెల్లగుడ్డులో వెతకండి. గోరింటాకు పండిన గోట్లో నీలం కనిపించదు, పెదవీ నాలుకా చూడాలి. ఆక్సిమీటరు కూడా నల్లని చర్మం మీద ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చూపించవచ్చు. 94 అని చూపిస్తున్నా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి.

రోగిని తిప్పేటప్పుడు మీ నడుం కూడా చూసుకోండి. మోకాళ్ళు వంచి, రోగికి దగ్గరగా నిలబడి, ఇంకొకరిని పిలిచి తిప్పండి. ఇరవై రెండేళ్ళకే నడుం పోగొట్టుకుంటే ముప్పై ఏళ్ళు పనిచేయలేరు.

తాకే ముందు చెప్పండి. ఏం చేయబోతున్నారో, ఎందుకో, ఎంతసేపో. తెర లాగండి. తెర లేకపోతే ఇద్దరు దుప్పటి పట్టుకుని నిలబడండి. మగ విద్యార్థులు ఆడ రోగికి ఏదైనా చేయాల్సి వస్తే తోడుగా ఒక సిస్టర్‌ను పిలవండి. ఒంటి గుట్టులాగే రోగం గుట్టూ కాపాడాలి. ధర్మవరం పక్కనే బత్తలపల్లిలో, 1969లో మొదలైన ఆర్డీటీ సంస్థ నడిపే ఆసుపత్రి హెచ్ఐవీ వైద్యానికి పేరున్న చోటు. హెచ్ఐవీ ఉన్న రోగులు ఏ ఆసుపత్రిలోనైనా మీకు ఎదురవుతారు. వారి సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధిస్తుంది. నోరు విప్పకుండానే గుట్టు బయటపెట్టేవాళ్ళూ ఉన్నారు. ఒక్క మంచం దగ్గరికి వెళ్ళేటప్పుడే రెండు జతల గ్లౌజులు తొడిగితే వార్డంతా అర్థం చేసుకుంటుంది. అందుకే జాగ్రత్తలు అందరి దగ్గరా ఒకేలా ఉండాలి. ప్రతి రోగి రక్తాన్నీ ఇన్ఫెక్షన్ ఉన్న రక్తంగానే భావించి పనిచేస్తే ఎవరినీ వేరు చేయాల్సిన పని రాదు, మీకూ రక్షణ ఉంటుంది.

రాత్రి రెండింటికి ఫోన్

విద్యార్థులు అన్నింటికన్నా భయపడేది డాక్టరును నిద్ర లేపడానికి. తిడతారేమోనని తెల్లారేదాకా ఆగుతారు. ఆ భయాన్ని గెలవడానికి ధైర్యవచనాలు అక్కర్లేదు, ఒక కాగితం కావాలి. ఫోన్ చేసేముందు దాని మీద అయిదు సంగతులు రాసుకోండి. ఎక్కడి నుంచి, ఎవరి గురించి, ఆయన దేనికి చేరారు, అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది, మీకేం కావాలి.

"సార్, మగవాళ్ళ మెడికల్ వార్డు నుంచి స్టూడెంట్ నర్సును, స్టాఫ్ సిస్టర్ పక్కనే ఉన్నారు. ఏడో బెడ్, అరవై ఏళ్ళ ఆయన, నిన్న జ్వరంతో చేరారు. సాయంత్రం ఊపిరి 18, ఇప్పుడు నిమిషం లెక్కపెడితే 28. బీపీ 130 నుంచి 94కు వచ్చింది. పదింటి నుంచి మూత్రం రాలేదు. మీరు వచ్చి చూడాలి." ఇది అర నిమిషం మాట. "సార్, పేషెంటు అదోలా ఉన్నాడు" అంటే కోప్పడే డాక్టరు, ఈ అంకెలు వింటే చెప్పులు వెతుక్కుంటారు. రాకపోతే మళ్ళీ చేయండి. అప్పటికీ రాకపోతే ఆ పైవారికి చేయండి. చేసిన ప్రతిసారీ సమయం రాయండి.

ఒక్కరే ఉన్నప్పుడు

రేపు మీలో చాలామంది పల్లె ఆరోగ్య కేంద్రంలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుగా కూర్చుంటారు. అక్కడ ఫోన్ చేసినా వెంటనే వచ్చే డాక్టరు ఉండడు. వానాకాలంలో చెనక్కాయ చేలో పని చేస్తూ పాము కరిచిన మనిషిని మొదట మీ దగ్గరికే మోసుకొస్తారు. పైన చెప్పుకున్న ప్రతి పాఠమూ ఒకేసారి పనికొచ్చే సమయమది.

ముందు మనిషిని పడుకోబెట్టి కదలనివ్వొద్దు. కరిచిన చేతికి ఉంగరం, గాజులు, కాలికైతే మెట్టెలు, పట్టీలు తీసేయండి, వాపు వచ్చాక రావు. కోయొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించొద్దు. ఎవరైనా బిగించి తెస్తే ఆ కట్టును మీ అంతట మీరు తటాలున విప్పొద్దు, ఫోన్‌లో డాక్టరును అడిగి, పాము విషానికి విరుగుడు మందు సిద్ధంగా ఉన్నచోట విప్పాలి. ఎన్ని గంటలకు కరిచింది అని అడగండి. పొద్దు ఎక్కడుంది, ఏ బస్సు పోయింది అని అడిగితే పల్లెవాళ్ళు సరిగ్గా చెబుతారు. వాపు అంచున పెన్నుతో గీత గీసి, గీత పక్కనే సమయం రాయండి. గంట తర్వాత వాపు ఎంత పాకిందో ఆ గీతే చెబుతుంది.

రక్తపింజరి, చిన్న పింజరి కాటులో రక్తం గడ్డకట్టకపోవచ్చు. దానికి చేసే పరీక్షలో కావాల్సిందల్లా ఒక గాజు గొట్టం. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదిలించకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. సర్ఫుతో కడిగిన గొట్టమూ పనికిరాదు, అందులో మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. ఇరవై నిమిషాలంటే ఇరవయ్యే. చుట్టూ బంధువులు ఏడుస్తుంటారు, ఎవరో అరుస్తుంటారు, పదో నిమిషానికే గొట్టం ఎత్తి చూడాలని చేయి లాగుతుంది. ఆ కుర్చీలో అలా ఆగగలగడమే ఇన్నేళ్ళ చదువు మీకు ఇవ్వాల్సిన నిబ్బరం.

కట్లపాము కాటు వేరు. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, పంటి గాటు కూడా కనిపించకపోవచ్చు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపు నొప్పి అంటూ వస్తాడు. రెప్పలు చూడండి, వాలుతున్నాయా? దిండు మీద నుంచి తల ఎత్తగలుగుతున్నాడా? ఒకే ఊపిరిలో ఒకటి రెండు మూడు అని ఎంతవరకు లెక్కపెట్టగలడు? పదిహేను నిమిషాలకోసారి మళ్ళీ లెక్కపెట్టించి రాయండి. ముప్పై నుంచి ఇరవైకి, ఇరవై నుంచి పన్నెండుకు దిగుతుంటే ఊపిరి కండరాలు లొంగిపోతున్నాయని అర్థం.

108 అంబులెన్స్ వచ్చేలోగా రెఫరల్ కాగితం తయారవ్వాలి. అది హిందూపురం వెళ్తుందో, అనంతపురం సర్వజన ఆసుపత్రికి వెళ్తుందో, అక్కడి నుంచి బెంగళూరు దాకా పోతుందో మీకు తెలియదు. ఎక్కడికి పోయినా ఆ కాగితమే మీ బదులు మాట్లాడాలి. కాటు సమయం, మీ దగ్గరికి చేరిన సమయం, గాజు గొట్టం పెట్టిన సమయం, ఫలితం, గీసిన గీతలు, ఊపిరి లెక్కలు, ఇచ్చిన ప్రతి మందు పేరు, మోతాదు, గంట. పాము మందు ఇచ్చి ఉంటే ఎన్ని వయల్స్, ఎక్కించాక దద్దుర్లు, వణుకు, ఆయాసం వచ్చాయా లేదా. అర్థమయ్యే అక్షరాలతో రాసి, మీ పేరు, ఫోన్ నంబరు కింద వేయండి. తర్వాత ఆ ఆసుపత్రి క్యాజువాల్టీకి మీరే ఫోన్ చేయండి. రెప్పలు వాలుతున్నాయని చెప్పండి, వెంటిలేటర్ ఖాళీగా ఉందా అని అడగండి. లేదంటే, బండి ఊరు దాటకముందే డ్రైవరన్నకు వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి పేరు చెప్పండి.